సిగ్నలు పోయే వేళలు

2007, జూన్ 11

ఎరువుల కొట్టువాళ్ళు ఏటా ఒక డైరీ ఇస్తారు, అట్ట మీద "శ్రీ వీరవెంకటరమణగారికి" అని రాసి. ఈయన ఏటా దాన్ని బీరువా మీద పడేస్తారు. నేను ఏటా దాని కాగితాలు చింపి అలమరాల్లో పరుస్తాను. ఈసారి రాస్తున్నాను. డిష్షు మెకానిక్కు సాయిదుర్గాప్రసాద్ చెప్పిన సలహా ఇది. "సిగ్నలు ఎప్పుడెప్పుడు పోతందో ఎక్కడో అక్కడ రాసుకోండమ్మగారూ, నేనొచ్చినప్పుడు చెబుదురుగాని" అన్నాడు. అతను వచ్చినప్పుడల్లా టీవీ బుద్ధిగా పలుకుతుంది మరి. వీధి మలుపు తిరిగాడో లేదో, నీలం తెర మీద "సిగ్నల్ లేదు" అని అక్షరాలు.

ఇవాళ పొద్దున్న ఈయన వార్తలు చూస్తుంటే పోయింది. కాఫీ తాగడం అయ్యేదాకా రాలేదు. తర్వాత తనంతట తనే వచ్చింది. రాత్రి సీరియల్‌కి ఏ ఇబ్బందీ లేదు.

జూన్ 12

పొద్దున్న పోయింది.

జూన్ 14

పొద్దున్న పోయింది. మధ్యాహ్నం బానే ఉంది. ఈయన రిమోట్‌ని అరచేత్తో కొట్టారు. రిమోట్ ఏం చేస్తుంది?

జూన్ 17

ప్రసాద్ వచ్చాడు. మేడమీంచి నిచ్చెన వేసుకుని డాబా పైకి ఎక్కాడు. పొట్ట ఉన్న మనిషి, నిచ్చెన మూలిగింది. డిష్షుని ఇటు తిప్పి అటు తిప్పి, "వచ్చిందా అండీ?" అని పైనుంచి అరుపు. "పోయిందీ" అని కింద నుంచి ఈయన అరుపు. వీధిలో వాళ్ళు ఎవరు పోయారో అనుకుని ఆగి చూశారు.

చివరికి తీర్పు చెప్పాడు. "ఇల్లు పెద్దదండి. అంత దూరం వైరు లాగేసరికి సిగ్నలు నీరసపడిపోతందండి."

"సిగ్నలేమన్నా జొన్నాడ నుంచి నడిచొస్తోందా?" అన్నాను.

"మరేనండి, ఆయ్" అన్నాడు. అతనితో ఇదే చిక్కు. ఏమన్నా ఒప్పేసుకుంటాడు.

ఇల్లు పెద్దదే. కొత్తపేటలో ఇంత మండువా లోగిలి ఇంకోటి లేదని మామగారు చెప్పుకునేవారు. ఇప్పుడు ఆ మండువా మధ్యలో గోడ ఉంది. హాలూ మేడా మావి. పాత వంటిల్లూ, దాని వెనక గదులూ, పెరడూ బుజ్జమ్మవి. బుజ్జమ్మ నా తోడికోడలు, మా మరిది అబ్బులు భార్య. అబ్బులు నిరుడు జనవరిలో పోయాడు. గోడ నిరుడు కార్తీకంలో లేచింది. డిష్షు మాత్రం ఒక్కటే. దానికి ప్రసాద్ ఒక జాయింటు డబ్బా తగిలించి ఒక వైరు మాకూ, ఇంకో వైరు గోడమీంచి ఆవిడకీ లాగాడు. ఒక ఇంటికి రెండో డిష్షు దండగని అతనే అన్నాడు. ఈయన సంతోషించారు.

గోడలో గుమ్మం కూడా పెట్టించారు ఈయన, రేపు ఏ అవసరం వస్తుందో అని. తలుపుకి అటూ ఇటూ గడియలు. మా వైపు పెట్టే ఉంటుంది. వాళ్ళ వైపూ పెట్టే ఉంటుంది.

జూన్ 25

ప్రసాద్ రెండో తీర్పు కొబ్బరిచెట్టు. తూర్పు మూల చెట్టు డాబా మీదికి వాలి ఉంది, సముద్రం గాలి మళ్ళినప్పుడల్లా ఆకు డిష్షుకి అడ్డం పడుతోందట. కాయలు దింపు తీసే వెంకన్నని పిలిపించాను.

"పచ్చాకు కొట్టమంటారేటండీ? కాపు దెబ్బతింటదండి" అన్నాడు వెంకన్న, చెట్టు సగంలో ఆగిపోయి.

"కొట్టెయ్" అన్నాను.

అవతల పెరట్లోంచి బుజ్జమ్మ గొంతు వినిపించింది, ఎవరితోనూ కానట్టు. "టీవీ కోసం పచ్చని చెట్టుకి ఆకులు కొట్టించడం ఈ ఇంట్లోనే చూసేను."

"వెంకన్నా, మా చెట్టు మా ఇష్టమని చెప్పు" అన్నాను నేను.

"ఎవరికండీ?" అని పైనుంచి అడిగాడు వెంకన్న.

ఆకులు పెరటి గోడ మీద పడ్డాయి. సగం ఇటు, సగం అటు. సాయంత్రానికి అటువైపు ఈనెలు చీరుతున్న చప్పుడు వినిపించింది. చీపురు కట్టుకుంటోంది కాబోలు.

జూన్ 26

పొద్దున్న పోయింది.

జూలై 9

ఇవాళ ఒకటి గమనించాను. వార్తలు పోయాయి. పోయిన క్షణంలోనే గోడ అవతల సుప్రభాతం మొదలైంది. ఆవిడ భక్తి ఛానెల్. అది ఆగేదాకా మా తెర నీలంగానే ఉంది. ఆగింది, వార్తలు వచ్చాయి.

జూలై 10

మళ్ళీ అంతే.

జూలై 11

అంతే. ఈయనకి చెప్పాను. "దేవుడి పాటలకీ నా వార్తలకీ సంబంధం ఏంటే?" అన్నారు. మగవాళ్ళకి ఏదీ చూపిస్తే తప్ప తెలియదు.

జూలై 15

ప్రసాద్‌ని పిలిపించి గుమ్మంలోనే నిలబెట్టి అడిగాను. వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేశాడు, వాళ్ళేవో అన్నారు, ఆయ్ ఆయ్ అన్నాడు. ఫోన్ పెట్టేసి తల గోక్కున్నాడు.

"తప్పు నాదేనండి. ఛానెళ్ళు రెండు జట్లంటండి. మన బాక్సు వైరులోంచి పైకి కరెంటు పంపి, నాకీ జట్టు కావాలి అని అడుగుతదంటండి. ఓ జట్టుకి చిన్న కరెంటు, ఓ జట్టుకి పెద్ద కరెంటు. డిష్షు ఒకటే కదండి, ఇద్దరూ ఒక్కసారే అడిగితే పెద్ద కరెంటు అడిగినోళ్ళ మాటే నెగ్గుతదండి. రెండోవోరికి సిగ్నలు లేదని వచ్చేత్తదండి."

ఈయన వార్తలు చిన్న జట్టు. ఆవిడ భక్తి పెద్ద జట్టు. అంటే ఇన్నాళ్ళూ వైరు బాగానే ఉంది, చెట్టు బాగానే ఉంది. ఆవిడ టీవీ పెడితే మాకు పోతోంది, అంతే. కట్టేస్తే వస్తోంది. పూర్తిగా కట్టేస్తుంది కూడా. అబ్బులు ఉన్న రోజుల్లో పిడుగుపడి టీవీ కాలింది, అప్పటినుంచి గోడ స్విచ్చి కూడా కట్టేయకుండా లేవదు.

"అవతలమ్మగారికీ ఇప్పుడే చెప్పి వత్తున్నానండి" అన్నాడు ప్రసాద్.

"ఏమంది?"

"నవ్వేరండి."

జూలై 16

నవ్విందట.

జూలై 20

రాత్రి సీరియల్‌కి ఎందుకు ఇబ్బంది లేదో ఇవాళ కూర గిల్లుతుంటే తట్టింది. ఆవిడా అదే చూస్తోంది. ఇద్దరం అడిగేది ఒకటే జట్టు, ఇద్దరికీ వస్తుంది. తెలిశాక రాత్రి చెవి గోడవైపే పోయింది. మా టీవీలో అత్తగారు ఏడుస్తుంటే, అవతల కూడా అదే ఏడుపు.

ఆ సీరియల్ మొదటి రోజు నుంచీ మా ఇద్దరికీ అలవాటు. ఒకే హాల్లో, ఒకే చాప మీద, చిక్కుడుకాయలు గిల్లుతూ చూసేవాళ్ళం. ఏడుపు ఘట్టం వస్తే బుజ్జమ్మ గింజలు తొక్కల్లో వేసి తొక్కలు గింజల్లో వేసేది.

నేనన్నది ఒక్క మాట. అబ్బులు పోయి ఏడాది తిరగలేదు. ఆ రాత్రి పక్కింటి లక్ష్మీదుర్గ వచ్చి కూర్చుంది, ఆవిడ చూపు టీవీ మీద లేదు, బుజ్జమ్మ మీద ఉంది. ఊళ్ళో నోళ్ళు నేను మూయగలనా? అందుకని అన్నాను, "నలుగురూ వచ్చే హాల్లో నువ్విలా టీవీ ముందు కూచుంటే ఏం బావుంటుందే, లోపల కూచోరాదా" అని. ఆవిడ మంచికే. చిక్కుడుకాయల పళ్ళెం నా ముందుకి జరిపి లోపలికి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా రాజోలు నుంచి వాళ్ళన్నయ్య వచ్చి వాటా అడిగాడు. ముందు గోడ, తర్వాత టీవీ.

ఒక్క మాటకి ఎవరైనా గోడ కట్టించుకుంటారా?

జూలై 26

మధ్యాహ్నం బుజ్జమ్మ వంటల కార్యక్రమం చూస్తుంది. అది చిన్న జట్టు. ఆ సమయంలో నాకు చూడాల్సింది ఏమీ లేదు. అయినా సినిమాల ఛానెల్ పెట్టాను, పెద్ద జట్టు. గోడ అవతల వంటావిడ గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. గుత్తివంకాయ గురించి చెబుతోంది పాపం. బుజ్జమ్మకి గుత్తివంకాయ ఒకళ్ళు నేర్పాలా? ఈ ఇంట్లో ఆ కూర నాకు నేర్పిందే ఆవిడ.

కాసేపటికి గోడ పక్క రోట్లో పచ్చడి నూరడం మొదలైంది. పచ్చడి నూరడం కాదది, నన్ను నూరడం. మా గోడకున్న కేలండరు ఊగింది. నేను సినిమా గొంతు పెంచాను.

జూలై 27

పొద్దున్న సుప్రభాతం అయిపోయాక కూడా వార్తలు రాలేదు. పేరు తెలియని ఏదో ఛానెల్ పెట్టి వదిలేసింది, ఏ భాషో కూడా తెలియదు. పది దాకా. ఈయన పేపరు కోసం సెంటర్ దాకా వెళ్ళారు. మధ్యాహ్నం నేను మళ్ళీ సినిమా పెట్టాను. రోలు మోగింది.

జూలై 30

సుప్రభాతం ఆలస్యమైంది. జలుబు చేసినట్టుంది, తుమ్ములు వినపడ్డాయి. రాత్రి వానలో తడిసిన తల ఆరబెట్టుకోదు, ఎన్నిసార్లు చెప్పినా. మధ్యాహ్నం సినిమా పెట్టలేదు. నాకే తలనొప్పిగా ఉంది.

ఆగస్టు 4

ప్రసాద్ కొత్త ముక్క తెచ్చాడు. డిష్షు ముందు కడ్డీకి ఉండే బుడిపె అట. దీనికి రెండు మూతులు ఉంటాయి, ఒక్కో ఇంటికి ఒక్కో మూతి.

"ఇది బిగించేత్తే ఎవరి దారి ఆరిదేనండి. ఆరేం చూత్తున్నారో మీకు తెలీదు, మీరేం చూత్తున్నారో ఆరికి తెలీదండి."

ఈయన అప్పటికే నిచ్చెన తెస్తున్నారు. నేను ఆపాను. వానల్లో డిష్షు కదిపితే ఉన్న సిగ్నలు కూడా పోతుందని అన్నాను. వెలిశాక చూద్దామన్నాను. ప్రసాద్ "మరేనండి" అన్నాడు. ముక్కని ఊరగాయల అలమరాలో మాగాయ జాడీ వెనక పెట్టాను. అప్పటికి వాన లేదు. మబ్బు మాత్రం ఉంది.

ఆగస్టు 14

బాగా ఎండ కాసింది. ఈయన ముక్క సంగతి ఎత్తారు. శ్రావణమాసంలో డాబా మీద మేకులూ మరలూ బిగించకూడదని చెప్పాను.

"అలాంటి ఆచారం ఎక్కడుందే?"

"మా పుట్టింట్లో ఉంది."

ముప్ఫై ఏళ్ళుగా ఈ జవాబుకి ఆయన దగ్గర ఎదురు జవాబు లేదు.

ఆగస్టు 24

వరలక్ష్మీ వ్రతం. పూర్ణం బూరెలు నూనెలో పగిలిపోయాయి. పైన పట్టించే తోపుపిండి ఎప్పుడూ బుజ్జమ్మ కలిపేది, నేను పూర్ణాలు చుట్టి ఇచ్చేదాన్ని. ఆ జారు నాకు చేతకాదు. పేరంటాళ్ళు ఏమీ అనకుండా తిన్నారు. లక్ష్మీదుర్గ మాత్రం "ఈసారి బుజ్జమ్మగారి చెయ్యి పళ్ళేదు కదా" అంది.

ఆవిడని పిలవకూడదు కదా. ఆ ఆచారం నేను పెట్టానా?

అందరూ వెళ్ళాక పగలని బూరెలు నాలుగు ఏరి గిన్నెలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను. గడియ మీద చెయ్యి వేశాను. అటువైపు కూడా గడియ ఉంటుంది కదా, తట్టాలి. తడితే ఎవరు అంటుంది. నేనని చెప్పాలి. గిన్నె వెనక్కి తెచ్చేశాను. బూరెలు ఈయన తిన్నారు.

ఆగస్టు 30

తెల్లవారుతుండగా వాన పట్టుకుంది. పొద్దున్న సిగ్నలు భేషుగ్గా ఉంది. ఒక్కసారి కూడా పోలేదు. ఈయన వార్తలు మొదటి నుంచి చివరిదాకా చూశారు, గొంతు పెంచి మరీ. ఇన్నాళ్ళకి మన సొమ్ము దక్కిందన్నారు.

మధ్యాహ్నం. ఇంకా బాగుంది. రాజోలు వెళ్ళుంటుంది, వాళ్ళన్నయ్య దగ్గరికి. వెళితే వెళ్ళింది, చెప్పి వెళ్ళేంత మాటలు మా మధ్య లేవు కదా. వంటల వేళకి సినిమా పెట్టాను. రోలు మోగలేదు.

గొంతు తగ్గించి చూశాను. మోగలేదు.

డిష్షు ఎలా ఉందో చూద్దామని మేడ మీదికి వెళ్ళాను. కిటికీలోంచి అవతల పెరడు కనిపిస్తుంది. దండెం మీద నిన్నటి చీర, జాకెట్టు, తువ్వాలు వానకి తడిసి వేలాడుతున్నాయి. బుజ్జమ్మ మబ్బు పట్టగానే బట్టలు తీసేసే మనిషి. ఊరికి వెళ్ళేది బట్టలు

సెప్టెంబరు 5

ఆ రోజు అక్కడ ఆపేశాను. మిగిలింది ఇప్పుడు రాస్తున్నాను, అమలాపురం ఆసుపత్రి నుంచి వచ్చాక.

మెట్లు దిగి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. వీధి చుట్టూ తిరిగి వెళితే ఆలస్యమవుతుంది, ఇటునుంచి తలుపు బాది ఎవరినైనా పిలవాలనుకున్నాను, ఎవరిని పిలుస్తానో ఆలోచించలేదు. మా వైపు గడియ తీసి తలుపు గుద్దాను. తెరుచుకుంది.

అవతల గడియ పెట్టి లేదు. గడియ రింగు తుప్పుపట్టి తలుపుకి అతుక్కుపోయి ఉంది. పెట్టిన రోజంటూ ఉన్నట్టు లేదు.

నీళ్ళగది దగ్గర పాచి మీద జారింది. గది చూరు కింద, గోడకి ఆనుకుని పడి ఉంది. కుడికాలు మోకాలి కింద తిరిగిపోయి ఉంది. తెల్లవారకముందు స్నానానికని వెళ్ళినది, మధ్యాహ్నం దాకా అక్కడే. పెదాలు తెల్లగా ఉన్నాయి. కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"ఈవేళ నీ టీవీ బాగా వచ్చుంటది గదక్కా" అంది.

నేను ఏమన్నానో నాకు గుర్తులేదు. తిట్టానని ఈయన అంటున్నారు, వీధి చివరిదాకా వినపడేలా. తిట్టే ఉంటాను. తడి చీర తీసి నా పైట కప్పాను. ఒళ్ళు మంచులా ఉంది. ఈయన కారు కోసం పరుగెత్తారు. ఆవిడ తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

కారులో నెమ్మదిగా చెప్పింది. "పిలిచేనక్కా, రెండు మూడుసార్లు. మీ వార్తలు గట్టిగా వస్తున్నాయి. వీళ్ళకిప్పుడు అనుమానం వస్తది, టీవీ ఇంత బాగా వస్తంది ఏంటి అని, అనుకున్నాను. పడుకుని చూస్తున్నాను."

ఈయన ముందు సీట్లో ఉన్నారు. వెనక్కి తిరగలేదు. అమలాపురం దాకా తిరగలేదు.

సెప్టెంబరు 6

ఆ రోజు పొద్దున్న భేషుగ్గా ఉందని రాశాను. ఆ పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

సెప్టెంబరు 12

బుజ్జమ్మ మంచం మా హాల్లోనే వేశాం. కాలికి తొడ దాకా కట్టు. సిగ్నలు బాగుంది. అటువైపు టీవీ పెట్టేవాళ్ళు లేరు కదా. పొద్దున్న సుప్రభాతమా వార్తలా అని ఈయన ఆవిడ్ని అడగలేరు, తమ్ముడి భార్యతో ఎదురుగా మాట్లాడే అలవాటు లేదు. రిమోట్ తెచ్చి మంచం మీద పెట్టి పేపరు కోసం సెంటర్‌కి వెళుతున్నారు.

రాత్రి లక్ష్మీదుర్గ పరామర్శకి వచ్చింది. సరిగ్గా సీరియల్ వేళకి. ఆవిణ్ణి చూడగానే బుజ్జమ్మ రిమోట్ తీసుకుని టీవీ కట్టెయ్యబోయింది. నేను లాక్కుని గొంతు పెంచాను.

"టీవీ చూస్తున్నారా బుజ్జమ్మగారూ?" అంది లక్ష్మీదుర్గ.

"చూస్తోంది. మా హాల్లో మా బుజ్జమ్మ చూస్తోంది. నువ్వూ చూస్తావా, కూచో. లేదా కొంచెం అడ్డం తప్పుకో" అన్నాను.

ఆవిడ కూర్చుంది. చివరిదాకా చూసింది కూడా. వెళ్ళాక బుజ్జమ్మ చెయ్యి చాపి, "ఆ చిక్కుడుకాయల పళ్ళెం ఇలా తే అక్కా, నువ్వు ఈనెలు సరిగా తియ్యవు" అంది. వంటగదిలోకి వెళ్ళి ఏడ్చాను. పళ్ళెం తేవడం ఆలస్యమైందని కేకలేసింది.

సెప్టెంబరు 23

తోపుపిండి ఎలా కలపాలో మంచం మీంచి చెప్పింది. నేను కలిపాను. పగిలాయి. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వితే కాలు నొప్పి అని ఆవిడ మళ్ళీ తిట్టింది.

అక్టోబరు 12

కట్టు విప్పారు. కర్ర పట్టుకుని నడుస్తోంది. మామిడికుదురు నుంచి వాళ్ళమ్మాయి దుర్గాశ్రీ కారు తీసుకుని వచ్చింది, తల్లిని తీసుకెళ్ళిపోవడానికి. కొన్నాళ్ళకి కాదు, ఇంక ఉంచుకోవడానికే.

"ఒక్కదాన్నీ ఇక్కడ ఉంచను పెద్దమ్మా" అంది.

ఒక్కతీ ఏంటి, గోడకి ఇవతల మేం లేమా అని నోటి దాకా వచ్చింది.

"పిలిస్తే మీకు వినపడలేదు కదా" అంది ఆ పిల్ల. కోపంగా కూడా కాదు, మామూలుగానే.

బుజ్జమ్మ ఉంటాననీ అనలేదు, వెళతాననీ అనలేదు. కూతురు సర్దిన సంచీ వంక చూస్తూ కూర్చుంది. వెళ్ళేముందు తన వైపు ఇల్లంతా కర్ర టకటకలాడిస్తూ తిరిగి వచ్చింది. టీవీకి గోడ స్విచ్చి కట్టేసి ఉందో లేదో కూడా చూసుకుంది. తాళాలు నాకిస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. కొంగుకి కట్టుకుంది.

అక్టోబరు 13

సిగ్నలు బాగుంది.

అక్టోబరు 14

బాగుంది.

అక్టోబరు 21

దసరా. బాగుంది. ఈయన వార్తలు చివరిదాకా చూస్తున్నారు, గొంతు బాగా తగ్గించి. ఏమీ వినపడటం లేదు, పెంచండంటే పెంచరు.

అక్టోబరు 27

గుమ్మం తలుపు గాలికి కొట్టుకుంటోందని ఈయన గడియ పెట్టబోయారు. వద్దన్నాను. కింద ఇటుకముక్క పెట్టాను.

మామిడికుదురు ఫోన్ చేశాను. దుర్గాశ్రీ ఎత్తింది. అమ్మ పడుకుందంది. పగటిపూట పడుకునే అలవాటు ఆవిడకి ఎప్పుడు వచ్చిందో. అక్కడ ఏ ఛానెల్ చూస్తోందని అడిగాను. అమ్మకి టీవీ మీద మనసు లేదు పెద్దమ్మా అంది.

నవంబరు 2

సెంటర్‌లో ఈయనకి ప్రసాద్ కనపడి వెంట వచ్చాడు. ఎలా ఉందండీ సిగ్నలు అన్నాడు. బాగుందన్నాను. అవతలి ఇంటికి తాళం చూసి, "అయితే ఆ రెండో వైరు పీకేత్తానండి. వాడని వైరు ఊరికే ఉంటే సిగ్నలు తింటదండి. కొత్త ముక్కతో కూడా పనిలేదింక, ఇచ్చేయండి పట్టుకుపోతాను" అన్నాడు.

ముక్క ఇచ్చేశాను. మాగాయ నూనె అంటుకుని ఉంది, తుడిచి ఇచ్చాను. వైరు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

"తింటే తిననీ" అన్నాను.

"మళ్ళీ ఆవిడొత్తే పాత గొడవేనండి, ఆలోచించుకోండి."

"వస్తే నీకు కబురు చెయ్యను లే."

"మరేనండి, ఆయ్" అన్నాడు. ఈయన ఆ మాటకి నిచ్చెన పట్టుకుపోయి పశువుల కొట్టంలో పెట్టి వచ్చారు.

నవంబరు 9

దీపావళి. బాగుంది. ఆవిడ లేకుండా ఈ ఇల్లు నాకు బాగాలేదు. రాయడానికి ఇంతకన్నా ఏమీ లేదు.

నవంబరు 11

రాత్రి పెందరాళే పడుకున్నాం. వీధిలో ఏదో ఆటో ఆగినట్టు అనిపించింది, కలేమో అనుకున్నాను.

పొద్దున్న ఈయన కాఫీ గ్లాసు పట్టుకుని వార్తలు పెట్టారు. వాన కబురు చెబుతున్నాడు. మాట మధ్యలో తెర నీలంగా అయిపోయింది. సిగ్నల్ లేదు.

ఈయన అలవాటుగా రిమోట్‌ని అరచేత్తో కొట్టారు. "మళ్ళీ ఏమొచ్చిందే దీనికి?" అన్నారు. అని, ఆగిపోయి నా మొహం చూశారు.

"బాగయిందండి" అన్నాను.

పొయ్యి మీద ఇంకో గ్లాసుడు పాలు పెట్టి, ఇటుకముక్క కాలితో జరిపి, తలుపు తోశాను.